విదురుని నిరాకరణ: ఎక్కడ జరిగింది, ఎక్కడ జరగవలసింది

అధర్మమైన ఆజ్ఞ ఎదురైనప్పుడు మంత్రి పదవిని విడిచి వెళ్ళాలా, కొలువులో ఉండి ఎదిరించాలా అన్న చర్చ మన సాహిత్య విమర్శలో వచ్చినప్పుడల్లా విదురుని పేరు ముందుకు వస్తుంది. ఈ చర్చలో రెండు పక్షాలు స్థిరపడిపోయాయి. కురుసభను త్యజించి వెళ్ళిన విదురుడు ఆత్మగౌరవం గల మంత్రికి ఆదర్శమని ఒక పక్షం అంటుంది. ద్రౌపదీ పరాభవ సమయంలో భీష్మద్రోణుల సరసన మౌనంగా కూర్చున్న విదురునికి నీతులు చెప్పే అర్హత లేదని రెండవ పక్షం అంటుంది. మొదటిది స్తుతి, రెండవది నింద. రెండూ మూలగ్రంథాలను సరిగా చదవకపోవడం వల్ల పుట్టినవే. విదురుని దోషం ఈ రెండు పక్షాలూ చూపుతున్న చోట లేదు. దోషం లేదని కాదు. అది సభకు ముందే, ఇంద్రప్రస్థానికి వెళ్ళిన దారిలో ఉంది. ఈ వ్యాసంలో నేను నిరూపించదలచినది అదే.

1. రెండు గ్రంథాల విదురులు

త్యాగమూర్తి అయిన విదురుడు భారతంలోని విదురుడు కాడు, భాగవతంలోని విదురుడు. భాగవత తృతీయ స్కంధారంభంలో ధృతరాష్ట్రుడు ఆలోచన కోసం విదురుని పిలిపిస్తాడు. పాండవుల భాగం పాండవులకిమ్మనీ, దుర్యోధనుని విడిచిపెట్టమనీ విదురుడు చెబుతాడు. దుర్యోధనుడు మండిపడి, ఈ దాసీపుత్రుని ఇక్కడికి ఎవరు పిలిచారని, మన అన్నం తిని శత్రువు పని చేస్తున్నాడని దూషించి, ప్రాణాలతో మాత్రం ఊరు దాటించమంటాడు. విదురుడు విల్లును ద్వారం దగ్గర పెట్టి వెళ్ళిపోతాడు. తీర్థాలు తిరుగుతూ ప్రభాసంలో కౌరవనాశం గురించి విని, యమునాతీరంలో ఉద్ధవుని, ఆపై మైత్రేయుని కలుసుకుంటాడు. పోతన తెలుగు చేసినది ఈ విదురుని కథనే.

భారతంలో కథ వేరు. అక్కడ విదురుడు యుద్ధకాలమంతా హస్తినలోనే ఉంటాడు, స్త్రీపర్వంలో పుత్రశోకార్తుడైన అన్నను ఓదారుస్తాడు, చివరకు ఆశ్రమవాసపర్వంలో అన్నతో కలిసి అడవికి వెళతాడు. ఒకే పాత్రకు రెండు మహాగ్రంథాలు రెండు జీవితాలు ఇచ్చాయి. వీటిని ఒకటిగా కుట్టి 'విదురుడు రాజీనామా చేశాడు' అని తీర్మానించడం పాఠవిమర్శకు నిలవదు. పైగా భాగవత విదురుని నిష్క్రమణ కూడా రాజాజ్ఞను ధిక్కరించిన మంత్రి నిష్క్రమణ కాదు. అతడు సలహా చెప్పాడు, అవమానం పొందాడు, వెళ్ళమన్నారు, వెళ్ళాడు. భాగవత దృష్టిలో ఆ ప్రయాణం భగవత్కథాశ్రవణానికి ద్వారం. ద్వారం దగ్గర దించినది మంత్రిముద్ర కాదు, విల్లు. రాబోయే యుద్ధంలో ఏ పక్షానా నిలవనన్న సంకేతంగా దానిని చదవవచ్చు. రాజధర్మచర్చకు దానిని ప్రమాణంగా తీసుకోవడం తగదు.

2. మౌనం ఎవరిది?

ఇక నిందాపక్షం. వ్యాసభారత సభాపర్వంలో విదురుడు మాట్లాడినంతగా పెద్దలలో మరెవరూ మాట్లాడలేదు. జూదం సాగుతుండగానే ఆపమని వాదిస్తాడు. అప్పుడే దుర్యోధనుడు, నీకు ఇష్టమైన చోటికి పొమ్మంటాడు. విదురుడు పోడు. ద్రౌపదిని తీసుకురమ్మని దుర్యోధనుడు మొదట ఆజ్ఞాపించినది విదురునే. విదురుడు నిరాకరిస్తాడు. నిరాకరిస్తూ ఒక న్యాయాంశాన్ని కూడా లేవనెత్తుతాడు: తన్ను తాను ఓడిపోయిన తరువాత పణం పెట్టే అధికారం ధర్మరాజుకు లేదు గనుక ద్రౌపది దాసి కాలేదు. ద్రౌపది సభను అడిగిన ప్రశ్న పేరు పొందింది. కాని ఆ ప్రశ్నలోని సారాన్ని ఆమెకన్నా ముందే పలికినవాడు విదురుడు. వికర్ణుడు మాట్లాడిన తరువాత కూడా, ప్రహ్లాదుని కథ చెప్పి, ధర్మప్రశ్నకు జవాబివ్వని సభాసదులకు అసత్యదోషంలో సగం చెందుతుందని హెచ్చరిస్తాడు. భీష్ముడు ధర్మం సూక్ష్మమని తప్పుకున్న చోట విదురుడు స్పష్టంగా తీర్పు చెప్పాడు. అతన్ని భీష్మద్రోణుల వరుసలో కూర్చోబెట్టడం అన్యాయం.

ఇంతవరకు నేను విదురుని పక్షాన వాదించినట్లు కనిపించవచ్చు. అసలు అభియోగం ఇప్పుడు మొదలవుతుంది.

3. మర్యాదగా వచ్చిన ఆజ్ఞ

సభాపర్వ కథనక్రమాన్ని జాగ్రత్తగా గమనించాలి. ధృతరాష్ట్రుడు మొదట విదురుని అడిగి నిర్ణయిస్తానంటాడు. విదురుడు వద్దంటాడని దుర్యోధనుడికి తెలుసు. నీవు మానుకుంటే నేను చస్తాను, విదురునితో నీవు సుఖంగా ఉండమని తండ్రిని బెదిరిస్తాడు. రాజు లొంగిపోయి వేయి స్తంభాల సభ కట్టించమని ఆజ్ఞ ఇస్తాడు. ఆ తరువాతనే విదురునికి కబురు అందుతుంది. విదురుడు పరుగున వచ్చి, ఈ నిశ్చయం నాకు సమ్మతం కాదంటాడు. రాజు దైవం మీద భారం వేసి, ధర్మరాజును తీసుకురమ్మంటాడు. నిర్ణయం ముందు, ఆలోచన తరువాత. మంత్రిని మంత్రిగా కాక వార్తాహరునిగా మార్చిన క్షణం ఇది.

విదురుడు వెళ్ళాడు. అక్కడ ధర్మరాజు అడిగిన ప్రశ్న ఈ చర్చకంతటికీ కీలకం. జూదంలో కలహముంది, తెలిసినవాడెవడు దానిని కోరతాడు, మీకేది యుక్తమనిపిస్తుంది, మేమంతా మీ మాటకు కట్టుబడినవాళ్ళమని అతడు సూటిగా అడుగుతాడు. దానికి విదురుడు ఇచ్చిన జవాబులో మూడు అంశాలున్నాయి. జూదం అనర్థమూలమని తనకు తెలుసు. ఆపడానికి ప్రయత్నించాడు. అయినా రాజు పంపాడు. ఆ తరువాత, విన్నావు గదా, విద్వాంసుడవు, ఏది శ్రేయమో అది చెయ్యమంటాడు. 'రావద్దు' అన్న ఒక్క మాట మాత్రం అనలేదు.

మీ మాటకు కట్టుబడ్డామన్నవాని ముందు విదురుడు మాటను దాచుకున్నాడు. సత్యం చెప్పాడు, కాని సలహా చెప్పలేదు. తన అసమ్మతిని ప్రకటించి, తీర్పు బరువును ఎదుటివాని భుజం మీదికి మార్చాడు. ధర్మరాజుకు పెదతండ్రి ఆజ్ఞ కాదనకూడదన్న నియమముంది, పిలిచిన జూదానికి వెనుదిరగనన్న వ్రతముంది. ఇవి విదురునికి తెలియనివి కావు. పినతండ్రి నోట ఆహ్వానం వింటే ఆ నియమం మరింత బిగుస్తుంది. ధృతరాష్ట్రుడు విదురునే ఎందుకు పంపాడో ఇక్కడ తేటపడుతుంది. దూత చేతిలోని సందేశం కన్నా దూత ముఖం మీద ఉన్న నమ్మకమే ఆ ఆహ్వానానికి బలం.

ద్రౌపదిని తెమ్మన్న ఆజ్ఞ బాహాటంగా నీచమైనది. దానిని నిరాకరించడానికి ధైర్యం చాలు. ఇంద్రప్రస్థానికి వెళ్ళిరమ్మన్న ఆజ్ఞ మర్యాద వేషంలో వచ్చింది: పెద్దవాడు పిల్లలను పిలుస్తున్నాడు, కొత్త సభ చూడమంటున్నాడు. దానిని నిరాకరించడానికి వివేకం కావాలి, ఆ వివేకం విదురునికి ఉంది కూడా. ఉండి కూడా వెళ్ళడమే అతని దోషం. మొదటి ఆజ్ఞ నెరవేరకపోతే రెండవ ఆజ్ఞకు అవకాశమే ఉండేది కాదు.

ఇది నా ఊహ కాదనడానికి భారతమే సాక్ష్యం. అరణ్యపర్వంలో ధృతరాష్ట్రుడు కోపించి, ఉంటే ఉండు, పోతే పొమ్మంటే విదురుడు కామ్యకవనానికి వెళతాడు. దూరాన వస్తున్న విదురుని చూసి ధర్మరాజు భీమునితో పంచుకున్న మొదటి భావం సంతోషం కాదు, శంక: ఇతడు శకుని మాట మీద మళ్ళీ జూదానికి పిలవడానికి వస్తున్నాడా, ఇక ఆయుధాలు కూడా గెలుచుకుంటారా? ఒక్క దౌత్యం వల్ల విదురుడు పోగొట్టుకున్నదేమిటో కవి ఈ ఒక్క శంకలో చూపాడు. హితైషి రాక కూడా భయకారణమైంది.

4. మూడు సమాధానాలు, వాటి పరిశీలన

దీనికి మూడు ప్రత్యుత్తరాలు రావచ్చు. మొదటిది దౌత్యధర్మం: దూత పరుల మాట మోసేవాడు, అతనికి దోషం అంటదు. ఇది దూతకు చెల్లుతుంది, విదురునికి చెల్లదు. అతడు ఆ కార్యాన్ని ముందే అధర్మమని నిర్ణయించిన మంత్రి. తాను ఖండించిన పనికి తానే చేయి కావడాన్ని దౌత్యధర్మం కాపాడదు.

రెండవది ఎక్కువ బరువైనది: దాసీగర్భసంజాతునికి కాదనే స్వాతంత్ర్యం ఎక్కడిది? ఈ వాదాన్ని తేలికగా తోసిపుచ్చకూడదు. సనత్సుజాతుని రప్పించే ముందు, శూద్రయోనిలో పుట్టినవాడిని గనుక ఇంతకు మించి చెప్పలేనని విదురుడే ఉద్యోగపర్వంలో అంటాడు. భారతం అతన్ని పదేపదే 'క్షత్త' అనే పిలుస్తుంది. కాని అదే పుట్టుక, అదే స్థితి గల మనిషి ఇంతకన్నా ప్రమాదకరమైన చోట, మదించిన దుర్యోధనుని ఎదుట, నిండు సభలో కాదన్నాడు. అంతకన్నా తక్కువ హోదా గల ప్రాతికామి సైతం ద్రౌపది ప్రశ్నను సభకు మోసుకువచ్చి, మళ్ళీ వెళ్ళమన్నప్పుడు తటపటాయించి ఆజ్ఞను తడబరిచాడు. పుట్టుక విదురుని గొంతును అదిమింది నిజమే, పూర్తిగా నొక్కివేయలేదు.

మూడవది ఫలితవాదం: విదురుడు కొలువులో ఉన్నందువల్లనే లక్కయింటి గుట్టు పాండవులకు తెలిసింది, పదమూడేళ్ళు కుంతికి నీడ దొరికింది, రాయబారానికి వచ్చిన కృష్ణునికి హస్తినలో ఒక స్నేహితుని ఇల్లు దొరికింది. ఇదంతా నేను అంగీకరిస్తాను. అందుకే విదురుడు కొలువు విడిచి పోవలసిందని నేననడం లేదు. ఆజ్ఞను కాదనడం, పదవిని విడవడం రెండు వేరు పనులు. ఆ సభలోనే అతడు మొదటిది చేసి రెండవది చేయలేదు; ఆకాశం విరిగిపడలేదు. ఇంద్రప్రస్థం విషయంలోనూ అదే చేసి ఉండవచ్చు. రాజీనామా ఒక్కటే ధర్మమార్గమని అనుకునే ఆధునిక విమర్శ ఈ మధ్యమార్గాన్ని చూడలేకపోతోంది.

అయితే ఉండిపోవడానికి కూడా ఒక మూల్యం ఉంది. ఉద్యోగపర్వంలో 33 నుండి 40 వరకు గల అధ్యాయాలను మనం విదురనీతిగా పూజిస్తాం. ఆ ఘట్టానికి ప్రజాగరమని పేరు. నిద్రపట్టని రాజు రాత్రంతా ధర్మం వింటాడు. చివర ఏమంటాడు? నీవు చెప్పినట్లే నా బుద్ధి నడుస్తుంది, దుర్యోధనుని చూడగానే మళ్ళిపోతుందంటాడు. ధర్మం వినడమే ధర్మం చేసినంత తృప్తినిస్తే ఆ ఉపదేశం రాజుకు మందు కాదు, మత్తు. తరతరాలుగా మనం ఆ అధ్యాయాలలోని సూక్తులను ఏరి పాఠ్యపుస్తకాలకు ఎక్కించాం, ఎవరి చెవిలో అవి వ్యర్థమయ్యాయో ఆ సన్నివేశాన్ని మాత్రం వదిలేశాం.

5. ఉపసంహారం

విదురుని దేవతగా నిలిపినా, పిరికివాడని తోసివేసినా మనకు కలిగే లాభం లేదు. స్తుతి అతని నిష్క్రమణ మీద, నింద అతని మౌనం మీద దృష్టి నిలపడం వల్ల అసలు ప్రశ్న తప్పిపోతోంది. సలహాదారు ధర్మపరీక్ష ఘోరమైన ఆజ్ఞ వచ్చినప్పుడు మొదలు కాదు. నిర్ణయం అయిపోయిన తరువాత అతని సమ్మతి అడిగి, దానిని పెడచెవిన పెట్టి, అతని మంచిపేరును మాత్రం వాడుకోబోయినప్పుడు మొదలవుతుంది. 'నా అసమ్మతి చెప్పాను' అన్న తృప్తితో సంతకం చేసేవారికి విదురుని మొదటి ప్రయాణం అద్దం. విశ్వవిద్యాలయ సమితులలో కూర్చునే మనకు ఆ అద్దం దూరమైనది కాదు.

కాబట్టి విదురనీతిని బోధించేవారు దానికి ముందు ఇంద్రప్రస్థ దౌత్యాన్ని, తరువాత కామ్యకవనంలోని శంకను కలిపి బోధించాలి. ఆ రెండింటి నడుమ చదివినప్పుడే ఆ నీతి ఎంత ఖరీదుతో నేర్చుకున్నదో విద్యార్థికి తెలుస్తుంది. రెండవసారి పాండవులను జూదానికి పిలవడానికి వెళ్ళినది విదురుడు కాదు, ప్రాతికామి. కారణం కవి చెప్పలేదు. ఆ పనికి విదురుని పేరు రెండవసారి వినబడకపోవడం మాత్రం అతని గౌరవంలో ఇంకా కొంత మిగిలిందని చెబుతోంది.