కాకటీల్ నిద్ర సీరియళ్ల పాలు

అంగడివాళ్లు కాక్‌టెయిల్ అంటారు, అసలు పేరు కాకటీల్. తల మీద కుచ్చు, బుగ్గల మీద నారింజ రంగు చుక్క, వంద గ్రాములకు కాస్త అటూ ఇటూ బరువు. మా పాకాలలో ఈమధ్య చాలా ఇళ్లలో కనిపిస్తోంది. "రామచిలుకను పెంచితే కేసవుతుంది, ఇది ఫారిన్ పక్షి, భయం లేదు" అని చెప్పి అమ్ముతారు. మాట నిజమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మన చిలుకల్ని కాపాడుతుంది, ఆస్ట్రేలియా జాతి దీనికి ఆ కాపుదల లేదు. కేసు లేదు కాబట్టి టీవీ పక్కన బొమ్మలా పెట్టేయొచ్చా?

నా గొడవంతా ఆ టీవీ గురించే. ఈ పక్షికి రాత్రి పది నుంచి పన్నెండు గంటల నిద్ర కావాలి. మన హాల్లో ఏం జరుగుతుందో మీకు తెలుసు. ఏడింటికి మొదలైన సీరియళ్లు పదిన్నరకు అవుతాయి. తర్వాత ఆయన వార్తలు. ఆ తర్వాత పిల్లోడి ఫోన్లో రీల్స్. తెల్లవారుజామున అయిదింటికి మనం లేచి లైటు వేస్తాం. దానికి మిగిలింది అయిదారు గంటలు. నిద్ర చాలక చిరచిరలాడి వేలు కొరికితే "ఎంత పొగరో చూడు" అంటారు. నిద్ర లేని కోడలికి కూడా మనిళ్లలో పెట్టే పేరు అదే కదా!

ఆడపక్షి అయితే సంగతి ఇంకా దారుణం. వెలుతురు ఎక్కువసేపు ఉంటే గుడ్లు పెట్టే కాలం వచ్చిందని దాని ఒళ్లు అనుకుంటుంది. మగపక్షి లేకపోయినా సరే, గుడ్డు మీద గుడ్డు పెడుతూనే ఉంటుంది. ఇంట్లోవాళ్లేమో అదృష్టమని ఫోటోలు తీసి గ్రూపులో పెడతారు. ఆ పెంకుకు కావలసిన కాల్షియం తిండిలో లేకపోతే తన ఎముకల్లోంచే పోతుంది. ఇద్దరు బిడ్డల్ని కని నడుము నొప్పితో తిరిగేవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పాలా? ఒకనాడు గుడ్డు దిగక, పంజరం అడుగున ఈకలు ఉబ్బించి కూర్చుంటుంది. అప్పుడు చిట్కాలు పనికిరావు, వెంటనే డాక్టరు చూడాలి. తిరుపతిలో పశువైద్య విశ్వవిద్యాలయమే ఉంది, కానీ రాత్రి పదింటికి పాకాలలో పంజరం ఎత్తుకుని ఎవరు బయల్దేరతారు? పెట్టిన గుడ్లను వెంటనే తీసేయకండి, తీస్తే వాటి బదులు మళ్లీ పెడుతుంది. చీకటి సమయం పెంచండి. కటిల్‌బోన్, మనవాళ్లు సముద్రపు నురగ అంటారే, అది పంజరానికి కట్టండి.

"పైన దుప్పటి కప్పుతున్నాం కదా" అంటారు. దుప్పటి వెలుతురును ఆపుతుంది గానీ అత్తాకోడళ్ల అరుపుల్ని ఆపుతుందా? సాయంత్రం ఏడింటికల్లా పంజరం వేరే గదిలోకి పోవాలి, పొద్దున ఆరుదాకా అక్కడే ఉండాలి. మాది జంక్షన్ ఊరు, స్టేషన్ దగ్గరి ఇళ్లకు అర్ధరాత్రి కూడా రైలు కూత తప్పదు. ఉలిక్కిపడి చీకట్లో రెక్కలు కొట్టుకుని గాయపడే పక్షులున్నాయి. అలాంటిదానికి ఒక మూల చిన్న జీరో బల్బు చాలు.

తిండి గురించి రెండు మాటలే. గిన్నె నిండుగా ఉందని మోసపోకండి, పైన ఉండేదంతా పొట్టే. రోజూ ఉఫ్‌మని ఊది చూడండి. కొర్రలు, సజ్జలు మాత్రమే వేసి వదిలేస్తే విటమిన్-ఎ చాలదు. మునగాకు, కొత్తిమీర, క్యారెట్ తురుము అలవాటు చేయండి. మురుకులు, చాక్లెట్, అవకాడో అసలు వద్దు. పంజరం వంటింట్లో పెట్టకండి, నాన్‌స్టిక్ పెనం బాగా మాడితే వచ్చే పొగకు నిమిషాల్లో ప్రాణం పోతుంది.

ఇంతకీ ఇదంతా చేసేదెవరు? "పిల్లోడు ఫోన్ మానేస్తాడు" అని కొనేది వాళ్లు, పొట్టు ఊదేది, పంజరం కడిగేది, రాలిన బూడిదలాంటి ఈకల పొడి తుడిచేది మనం. బాగా చూసుకుంటే పదిహేను, ఇరవై ఏళ్లు బతుకుతుంది. ఇప్పుడు అయిదో తరగతి చదివే పిల్లోడు డిగ్రీ అయి బెంగళూరు పోయినా పక్షి మన దగ్గరే ఉంటుంది. కాబట్టి కొందామని ఎవరైనా అంటే ధర అడగకండి. రోజూ ఏడింటికి ఒక గది ఎవరు ఖాళీ చేస్తారు, పంజరం ఎవరు మోస్తారు అని అడగండి. పేరు చెప్పి ఒప్పుకునేవాళ్లు లేకపోతే అంగడి గుమ్మం తొక్కనే వద్దు.

ఇప్పటికే తెచ్చుకున్నవాళ్లు ఈ రాత్రే పంజరాన్ని హాల్లోంచి తీసేయండి. గది లేకపోతే ఏడింటికి టీవీ కట్టేయండి. ఆ సీరియల్ రేపు మధ్యాహ్నం మళ్లీ వస్తుంది.