ఆ తేదీ అడగండి

నా రెండో కాన్పు సిజేరియన్. కొన్నేళ్లకు కుట్టు కుడి కొసన చింతగింజంత గడ్డ తేలింది. నెలసరి ముందు రోజుకు అది రాయిలా బిగిసేది. చీర కుచ్చిళ్లు తగిలినా ప్రాణం పోయేది. తలస్నానం చేసే రోజుకు మళ్లీ మెత్తబడేది. ఒక డాక్టరు దారం ముడి అన్నారు, ఇంకొకరు హెర్నియా అన్నారు, మరొకరు చీము పట్టిందని యాంటీబయాటిక్స్ రాశారు. అందరూ గడ్డను నొక్కి చూశారు. నెలసరి ఎప్పుడని అడిగింది మాత్రం స్కానింగ్ తీసిన డాక్టరమ్మ ఒక్కరే.

అది ఎండోమెట్రియోసిస్. గర్భసంచి లోపొరలాంటి కణజాలం సంచి బయట పెరిగే జబ్బు. పిల్లలు పుట్టే వయసు స్త్రీలలో దాదాపు 10 శాతం మందికి ఇది ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మామూలుగా పొత్తికడుపులోనే ఉంటుంది. అరుదుగా బయటికీ పాకుతుంది. బొడ్డులో చేరితే నెలనెలా బొడ్డు వాచి, ఒక్కోసారి రక్తం కారుతుంది. ఛాతీలో చేరితే నెలసరి మొదలైన మూడు రోజుల్లోపే ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి అది ముడుచుకుపోవచ్చు, చాలావరకు కుడివైపే. కొందరికి దగ్గితే రక్తం పడుతుంది. మన దగ్గర ముందు క్షయను అనుమానించడం సబబే. కానీ కళ్లె పరీక్షలో ఏమీ దొరక్క, రక్తం మాత్రం నెలనెలా పడుతుంటే? అప్పుడైనా క్యాలెండర్ చూడాలి కదా!

కుట్టు గడ్డ సంగతి మనకు మరీ దగ్గరిది. సిజేరియన్‌లో ఆ కణజాలం కోతలో చిక్కుకుపోతే అక్కడే పెరుగుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. దేశం మొత్తమ్మీద 21.5. ఇన్ని కోతలు పడే చోట అరుదైన జబ్బు కూడా చాలా ఇళ్ల తలుపు తడుతుంది.

పక్కన అత్తగారో, భర్తో ఉండగా మగ డాక్టరుకు నెలసరి మాట మనంతట మనం చెప్పలేం. అందుకే అడగాల్సింది డాక్టర్లే. సర్జరీ అయినా, ఛాతీ విభాగమైనా, ఓపీ చీటీ మీద బీపీ, బరువుల పక్కనే ఆఖరి నెలసరి తేదీ రాయాలి. నొప్పి ఆ రోజుల్లోనే ఎక్కువవుతోందా అని అడగాలి. సిజేరియన్ అయి ఇంటికెళ్లే తల్లి డిశ్చార్జి కాగితంలో తెలుగులో ఒక వాక్యం చేర్చాలి: కుట్టు దగ్గర గడ్డ వచ్చి, నెలసరికి నొప్పి పుడితే, ఎన్నేళ్ల తర్వాతైనా సరే వచ్చి చూపించుకోండి.