మూడు అంకె ఎటు తిరిగి ఉంటుంది?

జాన్ హల్‌కు చిన్నప్పటినుంచీ కళ్లతోనే పేచీ. పదమూడేళ్లకే శుక్లాలు, తర్వాత రెటీనా విడిపోవడం, ఆపరేషన్ మీద ఆపరేషన్. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతున్న రోజుల్లోనే, నలభై ఎనిమిదేళ్లు వచ్చేసరికి వెలుతురు జాడ కూడా తెలియకుండా పోయింది. 1983 నుంచి మాటల డైరీని క్యాసెట్లలోకి ఎక్కించారు. 1990లో అదే ‘టచింగ్ ది రాక్’ పుస్తకమైంది. అందులో నన్ను పట్టేసింది చూపు పోవడం కాదు, చూసినవి పోవడం. భార్యాపిల్లల ముఖాలు చెరిగిపోయాయి. 3 అంకె ఎటు తిరిగి ఉంటుందో గాలిలో వేలితో రాసుకుంటే తప్ప తెలిసేది కాదు.

జొల్తాన్ టోరీది అచ్చంగా ఎదురు దారి. 1951లో ఆస్ట్రేలియాలోని ఒక ఫ్యాక్టరీలో యాసిడ్ పడి, ఇరవై ఒకటో ఏట ఒక్క క్షణంలో చూపు పోయింది. మనసులో బొమ్మలు కట్టడం మానుకో, చెవిని నమ్ముకో అన్నారు. ఆయన వినలేదు. మనసులో బొమ్మ కట్టడం, అది నిజమో కాదో సరిచూసుకోవడం, ఏళ్లకేళ్లు అదే సాధన. ఎన్నో వాలులున్న తన ఇంటి చూరు వెంట వాననీటి కాలువలను ఒక్కడే మార్చేశారు, అదీ రాత్రిపూట. ఇరుగుపొరుగు హడలిపోయారట. ఆయనకు రాత్రయితేనేం, పగలైతేనేం!

డాక్టరు, రచయిత ఆలివర్ సాక్స్ ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి రాశారు. చదివితే ముందు టోరీ వైపే మొగ్గుతాం. పట్టుదల అంటే మనకు ముచ్చట. కానీ హల్‌ది ఓటమి అనడానికి నాకు నోరు రాదు. వాకిట్లో నిలబడి వాన వింటుంటే ఆకుల మీద ఒక చప్పుడు, కంచె మీద ఒకటి, బాట మీద ఇంకొకటి. తోటంతా ఒక్కసారిగా రూపు కట్టింది ఆయనకు. రుచి చూస్తాం, వాసన చూస్తాం, తాకి చూస్తాం అనే మనకు ఇది మరీ వింత కాకూడదు.

అయితే చెరిగిపోయిన ముఖాలను వాన తిరిగి తేలేదు. ఆ నష్టాన్ని హల్ ఎక్కడా చిన్నది చేయలేదు. టోరీకి ఇంకో భయం: మనసు గీసిన బొమ్మ తప్పైనా నిజంలాగే మెరుస్తుంది. అందుకే దేన్నీ వెంటనే నమ్మేవారు కాదు.

అసలు ఇద్దరూ ఎంచుకున్నారా అన్నది నా సందేహం. ఏళ్ల తరబడి కరిగిన చూపు వేరు, ఒక్క దెబ్బకు పోయింది వేరు. పైగా మనసులో బొమ్మ కట్టడం కళ్లున్నవాళ్లలోనే తలా ఒక తీరు. టోరీకి ఇచ్చిన సలహా తప్పిందని, హల్‌ను బొమ్మలు పట్టుకు వేలాడమనడమూ న్యాయం కాదు. ఆయనకు కావలసింది మరొకటి. చప్పుడు చేయని కుర్చీ, బల్ల ఆయన పాలిట లేనట్టే. గదిలోనూ వాన కురిస్తే ఎంత బాగుండు అనుకున్నారు.