తూము యెవరిది?

మంచినీళ్ళ కుళాయి దగ్గర అందరికీ హక్కులే. మురుగు తూము దగ్గర మాత్రం యెవరికీ బాధ్యత ఉండదు.

మా కొమరోలులో ఒక వీధికాలువ పూడి, మురుగు రోడ్డెక్కింది. తప్పు పల్లపు యింటివాళ్ళదని మెరక యింటాయన అన్నాడు. “పైనుంచి వచ్చే జిడ్డంతా మీదేగా అన్నా!” అని పల్లపు యింటావిడ అందుకుంది. చివరికి యిద్దరూ కలిసి సర్కారును తిట్టారు. ఆ ఒక్క విషయంలో ఐకమత్యం కుదిరింది.

యింతకూ తూము యెవరిది? మురుగుకాలువలు కట్టించడం, మురుగునీటిని సాగనంపడం గ్రామపంచాయతీ విధి అని 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం 45వ సెక్షను చెబుతోంది. మన జలదారి నుంచి వీధికాలువ దాకా ఉన్న గొట్టం మనది. అక్కడికి తగువు తీరాలి. కాని పూడిక తీసి చూడండి: గంజి, నూనెజిడ్డు, తలవెంట్రుకలు, పాలసంచులు! యివి పంచాయతీవారు వేసినవి కావు గదా. పైగా మా పడమటి సీమలో వానలు తక్కువ. కాలువను కడిగిపోయే వరద అరుదు గనుక పడింది పడ్డచోటే గట్టిపడుతుంది.

మందు చిన్నదే. తూము నోటికి జల్లెడ బిళ్ళ పెట్టండి. జిడ్డుగిన్నెను తుడిచి, ఆ తర్వాత కడగండి. స్నానాల నీళ్ళను బావికి దూరంగా తవ్విన ఇంకుడుగుంతకు మళ్ళించండి.

అసలు ప్రమాదం సెప్టిక్ గుంత నిండినప్పుడు. “నాలుగు డబ్బులిస్తే యెవడో ఒకడు దిగుతాడులే” అనేవారిని నేను విన్నాను. ఆ యెవడో ఒకడికీ పెళ్ళాం బిడ్డలుంటారు. గుంతలో హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు ఉంటుంది. మొదట కుళ్ళిన గుడ్ల కంపు కొడుతుంది. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి కంపే తెలియదు. కంపు తగ్గిందనుకునేలోగా మనిషి కుప్పకూలుతాడు.

రక్షణ సాధనాలు లేకుండా మనిషిని గుంతలోకి దింపడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం. దింపించింది యింటి యజమాని అయినా సరే, మొదటి తప్పుకే రెండేళ్ళదాకా జైలు, రెండు లక్షలదాకా జరిమానా పడవచ్చు. యిలా పోయినవారి కుటుంబాలకిచ్చే పరిహారాన్ని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది. ఎంత పెంచినా అది పోయిన మనిషికి వెల కాదు.

అంచేత గుంత నిండితే మనిషికి కబురు పెట్టకండి, పీల్చే బండికి పెట్టండి. బాడుగ బరువనిపిస్తే నాలుగిళ్ళవాళ్ళూ ఒకేరోజు పిలిపించి పంచుకోండి. తగువు పడడానికి కలిసిన నోళ్ళు, బాడుగ దగ్గర కలవకపోతాయా?