మూడు వేల రూపాయల తుపాకీ

సల్వాజుడుంలోకి ఆదివాసీ యువకులు ఎందుకు వెళ్లారన్న చర్చ వచ్చిన ప్రతి సెమినార్లో నేను విన్నవి రెండే జవాబులు. మావోయిస్టుల మీద కోపంతో వెళ్లారని కొందరు, డబ్బుకు ఆశపడ్డారని కొందరు. రెండూ ఆ యువకుడి మనసులోనే కారణం వెతుకుతాయి. అతనికి తుపాకీ ఇచ్చిన చేతిని చూడవు.

2005లో అప్పటి దంతెవాడ జిల్లాలో ఇది మొదలైనప్పుడు ముందు నిలబడింది కాంగ్రెస్ నాయకుడు మహేంద్ర కర్మ, వెనక నిలబడింది రాయ్‌పూర్‌లోని బీజేపీ ప్రభుత్వం. ఆదివాసీలను ఆదివాసీల మీదికి తోలడంలో మాత్రం ఈ రెండు పార్టీలకూ పేచీ రాలేదు! ఊళ్లు ఖాళీ చేయించి జనాన్ని రోడ్డు పక్క శిబిరాల్లో పెట్టారు. పొలం పోయింది, అడవి దూరమైంది. ఊళ్లో ఉండిపోతే మావోయిస్టు, శిబిరానికి వస్తే మావోయిస్టులకు ద్రోహి. ఆ స్థితిలో ముందుకొచ్చింది స్పెషల్ పోలీస్ ఆఫీసర్ అనే పేరు, ఒక తుపాకీ, నెలకు 3000 రూపాయలు. దీన్ని స్వచ్ఛందం అనడానికి నాకు నోరు రాదు.

చేరకుండా పారిపోయినవాళ్లూ ఉన్నారు. భద్రాచలం, ఖమ్మం అడవుల్లో గుత్తికోయలని మనం పిలిచేది వాళ్లనే. అక్కడ ఎస్టీలైనవాళ్లకు ఇక్కడ ఎస్టీ సర్టిఫికెట్ దొరకదు. వేసుకున్న గుడిసెలను అటవీశాఖ పీకేస్తుంది. చేరకపోవడానికి చెల్లించిన ధర అది.

అయినవాళ్లను మావోయిస్టులు చంపితే పగతో వెళ్లినవాళ్లు లేరని అనను. కానీ బాధితుడికి న్యాయం చేయాల్సిన రాజ్యం అతని పగను చవక కూలీగా వాడుకుంది. ఐదో తరగతి చదివితే ప్రాధాన్యం, రెండు నెలల శిక్షణ, ఎప్పుడైనా తీసేయగల కొలువు. 173 మంది ప్రాణాలు పోయాయని ప్రభుత్వమే సుప్రీంకోర్టుకు లెక్క చెప్పింది. కులమంటే శ్రమ విభజన కాదు, శ్రామికుల విభజన అని అంబేద్కర్ 1936లోనే తేల్చారు. బస్తర్‌లో చావుకు ఎదురెళ్లే పనికీ అదే మెట్ల వరస: తక్కువ జీతం కింద, ఆదేశం పైన.

2011 జూలై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్ ధర్మాసనం ఈ నియామకాలు 14, 21 అధికరణలకు విరుద్ధమని కొట్టేసింది. ఆ ఏడాదే రాష్ట్ర ప్రభుత్వం సహాయక బలగం పేరుతో కొత్త చట్టం తెచ్చి వాళ్లనే అందులోకి తీసుకుంది. 2025లో సుదర్శన్ రెడ్డి ఉపరాష్ట్రపతి పదవికి పోటీ చేస్తే, ఆ తీర్పే లేకుంటే 2020కల్లా నక్సలిజం అంతమయ్యేదన్నారు అమిత్ షా. అందుకు ఇంకెంతమంది ఐదో తరగతి చదివిన ఆదివాసీ పిల్లలు కావాల్సి వచ్చేవారో మాత్రం చెప్పలేదు.