సిగ్నల్ లేని కొండల్లో క్లౌడ్ బిల్డ్ వరమే.. మరి తాళంచెవి ఎవరి చేతిలో?

అల్లూరి సీతారామరాజు జిల్లా గూడెం కొత్తవీధి లాంటి ఏజెన్సీ మండలాల్లో నెట్ అంటే ఇప్పటికీ పరీక్షే. 2023 జూన్‌లో రాష్ట్రంలో ఒకేసారి ప్రారంభించిన 100 జియో టవర్లలో 85 ఈ జిల్లావే. అయినా కొండ మలుపు తిరిగితే సిగ్నల్ మాయం! ఇలాంటి చోట కోడ్ రాసేవాళ్లకు గిట్‌హబ్ యాక్షన్స్ పెద్ద ఊరట. కొన్ని కేబీల సోర్స్ కోడ్ పంపితే చాలు. బిల్డ్ అక్కడి సర్వర్‌లోనే తయారై, వెబ్‌సైట్ ఉన్న రెండో రిపోజిటరీలోకి దానంతటదే వెళ్లిపోతుంది.

చిక్కంతా ఆ రెండో గడప దగ్గరే. గిట్‌హబ్ ఆటోమేటిక్‌గా ఇచ్చే టోకెన్ సొంత రిపోజిటరీ దాటి పనిచేయదు. దీంతో చాలామంది తమ పర్సనల్ టోకెన్‌నే సీక్రెట్‌గా పెట్టేస్తారు. ఒక్క గది తెరవడానికి ఇంటి తాళాల గుత్తి మొత్తం ఇచ్చేసినట్టే.

2025 మార్చిలో జరిగింది చూడండి. 23 వేలకు పైగా రిపోజిటరీలు వాడే ‘టీజే-యాక్షన్స్ చేంజ్డ్ ఫైల్స్’ టూల్‌లోకి దుండగులు చొరబడ్డారు. సీక్రెట్లను బిల్డ్ లాగ్‌లో బయటపెట్టే కోడ్ చొప్పించారు. పబ్లిక్ రిపోజిటరీ అయితే ఆ లాగ్ ఎవరైనా చూడొచ్చు. విచిత్రమేంటంటే, వాళ్లు లోపలికి వచ్చింది కూడా ఓ బాట్ పర్సనల్ టోకెన్‌తోనే!

బిల్డ్ చేరాల్సిన రిపోజిటరీకి మాత్రమే పనిచేసే డిప్లాయ్ కీ పెట్టుకుంటే నష్టం అక్కడితో ఆగుతుంది. బయటి టూల్స్‌ను వెర్షన్ ట్యాగ్‌తో కాకుండా పూర్తి కమిట్ నంబర్‌తో పిన్ చేయడం ఇంకా ముఖ్యం. ఆరోజు దుండగులు మార్చేసింది ఆ ట్యాగులనే.