పైకప్పు చల్లదనానికీ పరపతి కావాలి

గృహ ఋణం అనగానే మనకు స్ఫురించేవి నాలుగు గోడలు, వాటిపై ఒక కప్పు. ఆ కప్పు క్రింద వేసవిలో మనిషి నివసించగలడా అన్న విషయాన్ని మన ఋణ పరిశీలనలో సాధారణంగా విచారించము. ఇకమీదట విచారించక తప్పదని నా అభిప్రాయం.

2024 ఏప్రిల్ 30న పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోని కలైకుండాలో 47.2 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత నమోదయింది. ఖరగ్‌పూర్ పట్టణానికీ, అందులోని నిమ్‌పురాకూ అది పొరుగు ప్రాంతమే. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి ఉత్తరాంధ్ర కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన ఊరు ఖరగ్‌పూర్. ఉద్యోగమున్నంత కాలం రైల్వే క్వార్టరు నీడ ఉంటుంది. పదవీ విరమణానంతరం స్వంత గూడు కావాలి. చేతిలోని సొమ్ము గోడలతోనే అయిపోతే పైన రేకులే గతి. చుట్టుప్రక్కల గ్రామాలలోని కూలి కుటుంబాల పరిస్థితి కూడా ఇంతే.

పలుచని రేకు ఎండను పీల్చుకొని ఆ వేడిని గదిలోనికి వెదజల్లుతుంది. కాంక్రీటు కప్పు పగలు వేడిని దాచుకొని రాత్రివేళ విడుదల చేస్తుంది. దీనికి విరుగుడు రెండు విధాలు. కప్పుపై తెల్లని పూత పూసి సూర్యకిరణాలను వెనుకకు పంపడం ఒకటి. కప్పుకూ గదికీ మధ్య వేడిని అడ్డుకొనే పొరను అమర్చడం రెండవది. మన పూర్వుల పెంకుటిళ్లలో అటక చేసిన మేలు ఈ రెండవ కోవకే చెందుతుంది.

ఖర్చు – ఆదా

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించింది. చదరపు మీటరుకు సుమారు 300 రూపాయలు వ్యయమవుతుందని ఆ సందర్భంలో అప్పటి పురపాలక శాఖ మంత్రి శ్రీ కె. తారక రామారావు తెలిపారు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ పథకంలో ఇంటి కనీస వైశాల్యం 25 చదరపు మీటర్లు. అంతటి కప్పుకు ఈ లెక్కన 7,500 రూపాయలు కావాలి. ఏటా వేసే సున్నపు పూతకు ఇందులో కొద్ది భాగమే చాలు.

ఫలితమెంత? 2017లో హైదరాబాదులోని దేవరకొండ బస్తీలో 25 పేద ఇళ్లపై తెల్లని పొర పరచి పరిశీలించారు. అటువంటి పొర లేని ఇంటితో పోల్చగా లోపలి గాలి సగటున 2 డిగ్రీలు చల్లగా ఉన్నట్లు తేలింది.

ఇక ఆదా సంగతి. బ్రిటన్‌లో 1978లోనే అటకలపై ఉష్ణ నిరోధక పొర వేసుకొనేందుకు చట్టం చేసి గ్రాంటులిచ్చారు. అచ్చట చలికాలపు ఇంధన ఖర్చు తగ్గుతుంది గనుక లెక్క సులభం. మన వద్ద ఎయిర్ కండిషనర్ గల ఇంటికి ఇటువంటి లెక్క వేయవచ్చు. గంటకు 1.2 యూనిట్ల చొప్పున రోజుకు 8 గంటలు, 100 రోజులు నడిస్తే 960 యూనిట్లు. అందులో అయిదవ వంతు తగ్గిందనీ, యూనిట్ ధర 7 రూపాయలనీ అనుకొంటే ఏటా 1,344 రూపాయలు మిగులుతాయి. అయిదున్నర సంవత్సరాలలో పెట్టుబడి తిరిగి వస్తుంది. కానీ ఒక్క ఫ్యాను మాత్రమే తిరిగే ఇంట్లో బిల్లు తగ్గదు. పూత పడినా ఆ ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. కరెంటు బిల్లు ఒక్కదానినే కొలమానంగా పెట్టుకొంటే, ఎక్కువ బాధపడే ఇల్లే ఋణానికి అనర్హమని తేలుతుంది.

ఆ ఇంట్లో ఆదా అయ్యేది పనిగంట. ఇంట్లోనే కుట్టుపని చేసే గృహిణి మండు మధ్యాహ్నం మిషను వదలి చెట్టునీడకు చేరవలసి వస్తుంది. గంటకు 40 రూపాయల సంపాదనతో రోజుకు రెండు గంటలు, వేసవిలో 30 రోజులు నిలబెట్టుకోగలిగితే 2,400 రూపాయలు. నిద్రపట్టిన రాత్రి, వృద్ధులకు వడదెబ్బ నుండి రక్షణ ఈ లెక్కకు అదనం.

ఋణమార్గం

తెలంగాణ విధానం నివాస గృహాలలో 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలాలలోని వాటికే చల్లని కప్పును తప్పనిసరి చేసింది. చిన్న ఇల్లు ఆ నిర్బంధానికి వెలుపల ఉంది. అది సబబే. పేదవానిపై మరో నిర్బంధం మోపనవసరం లేదు. అతనికి కావలసినది సులభమైన అప్పు.

స్వయం సహాయక బృందాల ఋణాన్ని సభ్యుల గృహావసరాలకు కూడా వినియోగించుకోవచ్చు. 10 లక్షల రూపాయల వరకు హామీ ఆస్తి అడగనవసరం లేదు. 7,500 రూపాయలను 12 శాతం వడ్డీపై 24 నెలలలో తీర్చితే నెలసరి వాయిదా సుమారు 353 రూపాయలు. వడ్డీతో కలిపి మొత్తం 8,473. పైన చెప్పిన కుట్టుపని లెక్క ప్రకారం నాలుగవ వేసవి ముగిసేసరికి ఇది రాబట్టుకోదగిన మొత్తమే.

ప్రాధాన్యతా రంగ మార్గదర్శకాలలో దెబ్బతిన్న ఇళ్ల మరమ్మతుకు స్థానముంది. కారే కప్పు ఆ నిర్వచనంలో ఇముడుతుంది. కాలే కప్పు కూడా ఇముడుతుందని స్పష్టంగా పేర్కొంటే శాఖలలో సందిగ్ధత ఉండదు.

అయితే కొన్ని జాగ్రత్తలు అవసరం. కారుతున్న కప్పును ముందుగా బాగుచేయించాలి. వాయిదాల గడువు, పూతకు ఉత్పత్తిదారు లిఖితపూర్వకంగా ఇచ్చే హామీ కాలాన్ని మించరాదు. ధూళి పేరుకొంటే పూత గుణం తగ్గుతుంది గనుక వేసవికి ముందు కడిగించాలి. పాత ఆస్బెస్టాస్ రేకులను గీకరాదు, కోయరాదు, రంధ్రాలు వేయరాదు. వాటి ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదకరం. గదిలో థర్మోకోల్ పలకలను బయటకు కనబడేలా అమర్చడం అగ్నిప్రమాదానికి తావిస్తుంది.

వేసవి వచ్చిన తరువాత దరఖాస్తు స్వీకరిస్తే పూత పడేసరికి వానలు వస్తాయి. మాఘ మాసంలోనే బృంద సమావేశాలలో ఈ అంశాన్ని ప్రస్తావించి, ఫిబ్రవరి నాటికి ఋణం మంజూరు చేయడం మంచిది. పంటకు అదను చూసి అప్పిచ్చే మనకు, ఇంటికీ ఒక అదను ఉంటుందని వేరుగా చెప్పనవసరం లేదు.